మధ్యలో వచ్చిన మనిషి

ఇప్పటి పిల్లలకు చెబితే పగలబడి నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో మా మనీలాలో సినిమాకు వేళంటూ ఉండేది కాదు. టికెట్టు కొన్నామా, లోపల చల్లగా ఉందా, అంతే. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు దూరిపోయేవాళ్ళం. వెళ్ళేసరికి తెర మీద ఎవరో భోరున ఏడుస్తూ ఉండేవారు, ఎందుకో తెలియదు. హీరో ఎవణ్ణో చితకబాదుతూ ఉండేవాడు, వాడు చేసిన పాపమేమిటో తెలియదు. ముగింపు చూసేసి, పుచ్చగింజలు కొరుక్కుంటూ అక్కడే కూర్చుంటే మళ్ళీ ఆట మొదలయ్యేది. అప్పుడు తీరిగ్గా మొదలు చూసేవాళ్ళం. మనం లోపలికి అడుగుపెట్టిన ఘట్టం రాగానే పక్కవాళ్ళు మోచేత్తో పొడిచి, "ఇక్కడే కదా మనం వచ్చింది?" అనేవారు. "అవును, పద" అని లేచిపోయేవాళ్ళం. పెళ్ళిళ్ళూ చావులూ అన్నీ తలకిందులుగా చూసిన జాతి మాది. అయినా ఏ కథా అర్థం కాకుండా పోలేదు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ చోలెంగ్ బతుకుతో ఎలా ఆడుకుందో చెబుతాను, వినండి.

చోలెంగ్ అసలు పేరు సొలెదాద్. అవెనీడా వీధిలోని బిత్వీన్ థియేటర్లో టార్చిలైటు పట్టుకుని జనానికి సీట్లు చూపించేది. నలభై దగ్గర పడ్డాయి, పెళ్ళి కాలేదు. అక్క పిల్లల్ని పెంచడంలోనే వయసు కరిగిపోయిందని చుట్టాలు నాలుక చప్పరించేవారు. అదేం కాదు. నచ్చినవాడు అడగలేదు, అడిగినవాడు నచ్చలేదు. ఇందులో జాలిపడాల్సిందేముందో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

ఇన్నేళ్ళూ సినిమా హాల్లో బతికిన మనిషి, ఆట నడుస్తుండగా ఒక్కసారి కూడా సీట్లో కూర్చోలేదు. తెర వైపు వీపు పెట్టి, మనుషుల ముఖాల మీద పడే వెలుగు చూస్తూ గడిపింది. ముఖాలు నీలంగా మారితే తెర మీద వాన, పసుపుగా మారితే భోజనం, అందరి కళ్ళూ ఒక్కసారి మెరిస్తే ముద్దు. అలా కథలన్నీ ఆమెకు ముఖాల్లోంచే తెలిసేవి. ఇంటికి వెళ్ళి పడుకుంటే కలలో కూడా ముఖాలే, వరసగా, వెలుగుతూ ఆరుతూ.

ఆ ముఖాల్లో ఒకటి క్లేతోది. కియాపో చర్చి వెనక సందులో అలింగ్ పురా బేకరీ ఉండేది చూశారా, అక్కడ రొట్టెలు చేసేవాడు. తెల్లవారక ముందే పిండి పిసకడం మొదలుపెడితే మధ్యాహ్నానికి పని ముగిసేది. అప్పుడు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని బిత్వీన్‌కు వచ్చేవాడు, రెండో ఆట సగంలో. ఎంత తోముకున్నా చెవుల వెనక పిండి ఉండేది. చేతిలో ఎప్పుడూ ఒక కాగితం పొట్లం, అందులో వెచ్చటి పాన్ దె సాల్ రొట్టెలు. అది టార్చి పట్టుకున్న చేతికి కాకుండా రెండో చేతికి అందించేవాడు.

"మీరెప్పుడూ సగంలోనే వస్తారేం మాంగ్ క్లేతో? ఒక్కసారైనా మొదటి నుంచి చూడబుద్ధి కాదా?" అని ఒకరోజు అడిగింది చోలెంగ్. మాంగ్ అంటే మాలో మగవాళ్ళ పేరు ముందు పెట్టే మర్యాద మాట, ఆడవాళ్ళకైతే అలింగ్.

"బుద్ధేమో ఉంది, మిస్ చోలెంగ్. ధైర్యమే లేదు. ముందు ఆఖర్న ఏమవుతుందో చూసుకుంటాను. ఇద్దరూ ఒకటైతే కూర్చుని మొదలు చూస్తా. విడిపోయారనుకోండి, లేచి వెళ్ళిపోతా."

"అబ్బో! టికెట్టు దండగ కాదూ?"

"ఏడవడానికి నాకు టికెట్టెందుకండీ?"

నవ్వుతూనే అన్నాడు. చోలెంగ్ కూడా నవ్వింది. కానీ ఆ మాట మాత్రం చాలా రోజులు ఆమె మనసులో తిరుగుతూనే ఉంది. క్లేతోకు ఒకప్పుడు భార్య ఉండేదని, సముద్రంలో పోయిందని బేకరీ వాళ్ళ ద్వారా తెలుసు. అంతకు మించి ఎవరికీ తెలియదు, అతను చెప్పడు.

ఆట చూసి వెళ్ళేటప్పుడు అతనికొక అలవాటు. వీధి చివర వేరుశనగల బండి దగ్గర మలుపు తిరిగేముందు ఆగి, వెనక్కి చూసి చెయ్యెత్తేవాడు. చోలెంగ్ గుమ్మంలో నిలబడి ఆ చెయ్యి లేచేదాకా కదిలేది కాదు. తనతో పనిచేసే బబెత్ అనే కుర్రపిల్ల ఉంది, నోరు ఊరుకోదు. "ఆతే, చెయ్యెత్తాడు, ఇంక గాలి పీల్చుకో" అనేది. ఆతే అంటే అక్క. అక్క అనే గౌరవం ఆ పిలుపులో తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు.

రెండేళ్ళు గడిచాయి అలాగే, రొట్టెల వాసనలో. మాలో మగవాడు మనసు విప్పడానికి తొందరపడడు, ముందు ఉపయోగపడతాడు. క్లేతో చోలెంగ్ కూర్చునే స్టూలుకు కాలు వేశాడు. టార్చిలో బ్యాటరీలు అయిపోతే ఎక్కణ్ణుంచో తెచ్చిచ్చాడు. వానొస్తే గొడుగు వదిలేసి తాను తడుస్తూ పోయాడు. చివరికి ఒక సోమవారం పొట్లం చేతిలో పెట్టి, వేరే ఎటో చూస్తూ, "ఈ ఆదివారం మీ అక్కగారింటికి ఒకసారి రావచ్చా?" అన్నాడు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆదివారం ఇంటికి వస్తానని మగవాడు అడిగాడంటే, దానికి మాలో ఒక్కటే అర్థం. చోలెంగ్ చేతిలో టార్చి దానంతటదే వెలిగి నేల మీద తెల్లటి చక్రం గీసింది.

"రండి" అంది.

సరిగ్గా ఆ వారమే వచ్చింది ఆ సినిమా. పేరు "పడవ తప్పిన రోజు". ఏడ్చేవాళ్ళకు ఏడుపు, నవ్వేవాళ్ళకు నవ్వు, వానలో ఒక పాట, అన్నీ ఉన్నాయి. కాకపోతే ఇంటికి వెళ్ళాక కూడా నిద్ర పోనివ్వదు, మంచం మీద మొగుడూ పెళ్ళాం కూర్చుని వాదించుకోవాల్సిందే. అలాంటి సినిమాలు ఎప్పుడో గానీ రావు. వస్తూ వస్తూ అది తనతో ఒక షరతు కూడా తెచ్చింది. ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి పంపకూడదట! తీసినాయన మరీ మరీ చెప్పాడట.

మేనేజరు మాంగ్ దెల్ఫిన్ గుమ్మానికి ఆ షరతు రాసిన బోర్డు తగిలిస్తూ తిట్టాడు. అతను ముప్పై ఏళ్ళుగా సినిమా హాలు నడుపుతూ ఒక్క సినిమా కూడా చూడని మహానుభావుడు.

"నా జన్మలో వినలేదు ఇలాంటి చోద్యం! దుకాణం తలుపు మూసుకుని బేరం చెయ్యమంటాడేంటి?" అన్నాడు.

జనం ఊరుకుంటారా? మొదటి రోజు గుమ్మం దగ్గర చేపల బజారే. "మా అమ్మ నన్ను కన్నప్పుడే నేను టైముకి రాలేదు, ఇప్పుడొస్తానా?" అని ఒకడు. "లోపలేమైనా మాస్ ప్రార్థన జరుగుతోందా, తలుపులేశారు? ఫాదర్‌ని పిలవండి, ఒప్పుకోలు చెప్పుకుంటా" అని ఇంకొకడు. మాస్‌కైనా సగంలో వెళ్ళేవాళ్ళమే మేము, సినిమాకు ఇంత మర్యాదా? ఆ తిట్లన్నీ కాచుకోవడానికి చోలెంగ్‌ను బయట గుమ్మంలో నిలబెట్టారు. బబెత్ లోపల ఉండేది. అందువల్ల ఆట చివర తలుపులు తీసేటప్పుడు చోలెంగ్‌కు ఆ సినిమా ముగింపు ఎన్నిసార్లయినా కనిపించింది గానీ, మొదలు మాత్రం చూసే యోగం లేకపోయింది. ఒక సంగతి మాత్రం గమనించింది. సరిగ్గా వేళకు వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ బయటికి వస్తున్నారు. ఎలాగో సందు చూసుకుని మధ్యలో దూరినవాళ్ళు ఆ ముగింపును తిట్టుకుంటూ వస్తున్నారు. చూసింది ఒకటే ముగింపు మరి!

శుక్రవారం కుండపోత. వీధిలో మోకాలి లోతు నీళ్ళు, జనాన్ని తిప్పే జీప్నీ బండ్లు పడవల్లా కదులుతున్నాయి. ఆ నీళ్ళలో ప్యాంటు మడుచుకుని, పొట్లం నెత్తిన పెట్టుకుని వచ్చాడు క్లేతో. ఆట సగం దాటింది.

"ఇవాళ బట్టీ సతాయించింది, మిస్ చోలెంగ్. అయ్యో, బోర్డేంటి ఇది?"

మాంగ్ దెల్ఫిన్ అటు తిరిగి సిగరెట్టు వెలిగించుకుంటున్నాడు. క్లేతోను చూస్తే నిలువునా తడిసి వణుకుతున్నాడు. ఇంకో రెండు రోజుల్లో అక్క ఇంటి గుమ్మం తొక్కబోయే మనిషి! రూలు రూలే గానీ, చోలెంగ్ గుండె రాయి కాదు కదా. పక్క గుమ్మం తెర ఎత్తి, "చప్పుడు చెయ్యకండి" అని లోపలికి తీసుకెళ్ళి, టార్చితో సీటు చూపించి వచ్చింది. ఆ సినిమాకు మాత్రం చెయ్యకూడని పని అదే.

ఆ ముగింపు ఎలా ఉంటుందంటే, హీరోయిన్ దలిసాయ్ తన దీవికి వెళ్ళే పడవ ఎక్కబోతూ ఉంటుంది. జీప్నీ నడిపే అంబో రేవు మీద నిలబడి, "తిరిగొస్తావా?" అని అడుగుతాడు. ఆమె నోరు విప్పదు. చెక్క పలక మీంచి నడిచి పడవ ఎక్కుతుంది, ముందు కొసకు వెళ్ళి నిలబడుతుంది. మెడ మీద ఒక నరం వణుకుతుంది. తిరిగి మాత్రం చూడదు. పడవ చిన్నదై, చుక్కై, సముద్రమై పోతుంది. అంతే సినిమా.

క్లేతో బయటికి వచ్చేసరికి ముఖం పిండిలా తెల్లబడి ఉంది.

"ఏమైందండీ?" అంది చోలెంగ్.

"ఆవిడ తిరిగి చూడలేదు" అన్నాడు. అంతే. గొడుగు ఇవ్వబోతే తీసుకోలేదు. నీళ్ళలో ఈదుతున్నట్టు నడుచుకుంటూ మలుపు దాకా వెళ్ళాడు. అక్కడ ఆగి వెనక్కి చూశాడు, చాలాసేపు చూశాడు. చెయ్యి మాత్రం ఎత్తలేదు.

ఆదివారం చోలెంగ్ అక్క పాన్సిట్ వండింది. ఆ నూడుల్సు పొడుగ్గా ఉంటే ఆయుష్షూ, కాపురమూ పొడుగ్గా ఉంటాయని ఒక్క పోగు కూడా తెగకుండా వడ్డించి పెట్టింది. చోలెంగ్ నీలం గౌను వేసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. సందులో ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా ఆమె వెన్ను నిటారుగా అయ్యేది. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది, పాన్సిట్ చల్లారి గడ్డకట్టింది. ఎవరూ రాలేదు.

"రొట్టెల పొట్లాలకే పడిపోయావే పిచ్చిదానా! వాడు వీధిలో అందరికీ పంచుతుంటాడేమో కనుక్కున్నావా?" అంది అక్క, గిన్నెలు ఎత్తేస్తూ.

మర్నాడు కూడా క్లేతో థియేటరుకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రెండో చెయ్యి ఖాళీగా వేలాడుతుంటే ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలిసేది కాదు. ఈ వయసులో గుండె ఇంత నొప్పి పెడుతుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బావుండును అనుకుంది. అందరి ముఖాలూ చదివే మనిషి, ఆ ఒక్క ముఖంలో ఏం జరిగిందో చదవలేకపోయింది. సినిమాకు గురువారమే ఆఖరు. బుధవారం పొద్దున్న ఇంక ఆగలేక బేకరీకి బయల్దేరింది.

బేకరీ యజమానురాలు అలింగ్ పురా గల్లా దగ్గర కూర్చుని, పళ్ళెంలో అన్నం, ఎండుచేప పెట్టుకుని తింటోంది. లోపల బల్ల దగ్గర క్లేతో కూడా తింటున్నాడు. చోలెంగ్‌ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది పురా.

"ఏమ్మా, రొట్టెకొచ్చావా, రొట్టె చేసేవాడికొచ్చావా?"

"చేసేవాడికే" అంది చోలెంగ్. ఇంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

"అమ్మయ్య! ఒకళ్ళైనా నిజం చెప్పారు. ఒరేయ్ క్లేతో! అయిదు రోజుల నుంచి ఉప్పెయ్యడం మరిచిపోతున్నావు కదా, నీ ఉప్పొచ్చింది, లే!"

క్లేతో సగం తిన్న పళ్ళెం వదిలి లేచాడు. అతను గడప దాటుతుండగా పురా తన పళ్ళెం ఒక చుట్టు తిప్పింది. భోజనం మధ్యలో ఎవరైనా లేచి వెళితే, వాళ్ళు క్షేమంగా తిరిగి రావాలని మిగిలినవాళ్ళం పళ్ళెం తిప్పుతాం మేము. అది చూసి క్లేతో కాళ్ళు ఆగిపోయాయి.

బయట పిండి బస్తాల మీద కూర్చున్నారిద్దరూ.

"ఆదివారం రాలేదేం?" అంది చోలెంగ్.

"తప్పే. తిట్టండి."

"తిట్టడానికి ఇంత దూరం రావాలా? ఎందుకో చెప్పండి చాలు."

క్లేతో చేతుల మీది పిండి గీరుకున్నాడు. తర్వాత చెప్పాడు. అతని భార్య పేరు సులా. దక్షిణాన ఎక్కడో చిన్న దీవి ఆమెది. తల్లికి ఒంట్లో బాగాలేదని కబురొచ్చి బయల్దేరిన రోజు పొద్దున్న, అన్నం మాడిందని మాటా మాటా అనుకున్నారు. ఆమె మూట పట్టుకుని వెళ్ళేటప్పుడు అతను తింటున్నాడు.

"కోపంతో పళ్ళెం తిప్పలేదండీ నేను. చెయ్యి దాకా వచ్చింది, తిప్పలేదు. తర్వాత మనసొప్పక రేవుకు పరిగెత్తాను. అప్పుడే పడవ ఎక్కింది. సులా, సులా అని గొంతు పోయేలా అరిచాను. వినపడింది, నాకు తెలుసు, భుజాలు కదిలాయి. తిరిగి మాత్రం చూడలేదు. ఆ రాత్రి తుఫానులో పడవ మునిగింది. ఎవరూ మిగల్లేదు. అంత కోపంతో పోయింది నా మీద. ఇన్నేళ్ళూ దాన్నెలాగో కప్పెట్టుకున్నా. ఆ సినిమా మూత తీసి నా ముందు పెట్టింది. ఆ వీపే, అచ్చం ఆ వీపే! అలా పంపినవాణ్ణి ఇంకో ఆడదాని గుమ్మం ఏ ముఖంతో తొక్కను, మిస్ చోలెంగ్?"

చోలెంగ్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. సులా కోసమో, అతని కోసమో, చల్లారిన పాన్సిట్ కోసమో, అన్నీ కలిసిపోయాయి. ఆ రోజు తెర ఎత్తి అతన్ని లోపలికి పంపింది తనే కదా! మొదట్లో ఏముందో తెలిస్తే ఏదైనా చెప్పి ఉండేది. తనకూ తెలియదాయె.

"మాంగ్ క్లేతో, ఆ సినిమా మొదటి నుంచి చూసినవాళ్ళు నవ్వుతూ బయటికొస్తున్నారు" అంది.

"అయితే?"

"ఎందుకో నాకూ తెలీదు. నేనూ చూడలేదు. మొదట్లో ఏదో ఉంది. రేపే ఆఖరు. వచ్చి నా పక్కన కూర్చోండి, ఇద్దరం చూద్దాం. అప్పటికీ మీకు అలాగే అనిపిస్తే, నా జోలికి రాకండి, నేనూ మీ జోలికి రాను. ఒట్టు."

"నాకొద్దండీ. ఆ వీపు మళ్ళీ చూడలేను."

"చూడకుండా మాత్రం ఉంటున్నారా? అయిదు రోజుల నుంచి చూస్తూనే ఉన్నారుగా!"

రాననీ అనలేదు, వస్తాననీ అనలేదు. లోపల్నుంచి పురా కేక మాత్రం వినపడింది, "రేపు వాడికి సెలవు! ఉప్పులేని రొట్టె అమ్మలేక చస్తున్నా!"

గురువారం చోలెంగ్ నీలం గౌను వేసుకుని, టార్చి బబెత్‌కు ఇచ్చేసి, గుమ్మంలో నిలబడింది. ఆట మొదలయ్యే గంట మోగింది. వీధి చివర ఎవరూ లేరు. తలుపులు మూశారు. లోపల సంగీతం మొదలైంది, ఆమె మనసు అడుగంటింది. సరిగ్గా అప్పుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు క్లేతో, చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఇంకొకటి పెట్టుకుని.

"ఇప్పుడే మొదలైందిగా! పదండి, పదండి!"

చోలెంగ్ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఆట మొదలయ్యాక ప్రవేశం లేదు."

"అయ్యో, రెండు నిమిషాలేగా! మొన్న పంపారుగా?"

"మొన్న పంపే కదా ఈ గతి పట్టింది! కూర్చోండి ఇక్కడ. తర్వాతి ఆట దాకా."

మాంగ్ దెల్ఫిన్ కళ్ళజోడు ఎత్తి చూశాడు. తన ఉద్యోగి టికెట్టు కొన్న మనిషిని ఇంత ధాటిగా ఆపడం చూసి ముచ్చటపడ్డాడు పాపం. వాళ్ళిద్దరూ హాలు బయట బెంచీ మీద ఒక ఆట నిడివంతా కూర్చున్నారు. లోపల్నుంచి నవ్వులు, పాట, మళ్ళీ నిశ్శబ్దం గోడ దాటుకుని వచ్చేవి. బయట వాన వెలిసి ఎండ పడింది, తడి నేల మీద ఎర్రగా నీలంగా సినిమా బొమ్మల నీడలు. క్లేతో పొట్లం విప్పాడు. రొట్టె ఇద్దరూ చెరి సగం తిన్నారు. ఈసారి ఉప్పు సరిపోయింది.

"రండి మేడమ్, రండి సార్, మెట్టుంది జాగ్రత్త" అంటూ బబెత్ టార్చి కొట్టి నడిపించింది వాళ్ళని, పెద్ద ఇంటివాళ్ళని నడిపించినట్టు. చోలెంగ్ కూర్చుంది. స్ప్రింగు కిర్రుమంది. దీపాలు ఆరాయి. ఎన్నో ఏళ్ళుగా తన వీపు వెనక ఉన్న వెలుగు మొదటిసారి ఎదురుగా వచ్చి ముఖం మీద పడింది. తల పైన ఆ కాంతి పాయలో ధూళి నెమ్మదిగా తేలుతోంది, ఎవరో పైన కూర్చుని పిండి జల్లిస్తున్నట్టు. ఇప్పుడు నా ముఖం ఏ రంగులో ఉందో అనుకుంది చోలెంగ్.

సినిమా పేరు పడక ముందే ఒక దీవి కనిపించింది. తెల్లవారే వేళ, రేవు. దలిసాయ్ అప్పటికి పసిపిల్ల, నాయనమ్మ కొంగు పట్టుకుని నిలబడింది. వాళ్ళమ్మ పడవ ఎక్కి, అడుగడుక్కీ వెనక్కి తిరిగి చూస్తూ, ఏడుస్తూ చెయ్యి ఊపుతోంది. నాయనమ్మ పిల్ల తల అటు తిప్పేసింది.

"చూడకే. మీ అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా వినదు. మళ్ళీ చూడబోయే మనిషిని పడవెక్కాక వెనక్కి తిరిగి చూడరు. చూశామంటే, ఇదే ఆఖరి చూపని సముద్రానికి మనమే చెప్పినట్టు."

తర్వాత తెర నల్లబడి, పేరు పడింది. ఆ ముసలమ్మ మాట సినిమా మొత్తంలో ఇంకెక్కడా రాదు.

క్లేతో సీట్లో ముందుకు జరిగాడు. చోలెంగ్ అటు తిరగలేదు. తన చేతిని సీటు చెయ్యి మీద ఉంచింది. కాసేపటికి దాని మీదికి ఒక గరుకు చెయ్యి వచ్చి చేరింది.

ఆ తర్వాత సినిమా కల నడిచినట్టు నడిచింది. దలిసాయ్ పెద్దదై మనీలా వచ్చి హోటల్లో పళ్ళేలు కడుగుతుంది. అంబోతో పందెం కడుతుంది. ఇద్దరిలో ఎవరు అబద్ధమాడితే వాళ్ళు రెండోవాళ్ళకు వండిపెట్టాలి. ఆమెకు వండిపెట్టాలని వాడు రోజుకో అబద్ధం ఆడతాడు. హాలంతా పడీ పడీ నవ్వింది. వానలో పాట వచ్చినప్పుడు వెనక వరసల వాళ్ళు గొంతు కలిపారు. చివరికి రేవు వచ్చింది. "తిరిగొస్తావా?" అన్నాడు అంబో. తుఫానుల రోజులు, అటు నాయనమ్మ చావుబతుకుల్లో ఉంది. అబద్ధమాడనని పందెం కట్టిన పిల్ల, తెలియని మాట నోటితో చెప్పదు. పలక మీంచి నడిచింది. కొసకు వెళ్ళి నిలబడింది. మెడ నరం వణికింది.

"తిరగకమ్మా" అని ముందు వరసలో ఎవరో ముసలావిడ పైకే అనేసింది. "తిరగొద్దే తల్లీ" అని ఇంకెవరో అన్నారు. దలిసాయ్ తిరగలేదు. హాలంతా చప్పట్లు.

దీపాలు వెలిగాయి. క్లేతో రెండు చేతుల్లో ముఖం దాచుకుని, సిగ్గు విడిచి ఏడుస్తున్నాడు.

"సులాది కూడా ఆ సముద్రమే, చోలెంగ్. ఆ దీవుల వైపే. నాతో ఎప్పుడూ చెప్పలేదు. భుజాలు కదిలాయని చెప్పానా? తిరగబోయి ఆపుకుంది. నా దగ్గరికి రావాలనే ఆపుకుంది!"

ఆ ఆచారం నిజంగా ఏ దీవిలోనైనా ఉందో లేదో, రాసినాయన ఎక్కడో కాఫీ తాగుతూ అల్లేశాడో, ఎవరు చూడొచ్చారు? చోలెంగ్‌కూ ఆ అనుమానం వచ్చింది. వచ్చి నాలుక కొస దాకా చేరింది. దాన్ని అక్కడే మింగేసింది. ఇన్నేళ్ళ బరువు దిగి ఏడుస్తున్న మనిషి దగ్గర ఆ ప్రశ్న ఎవడిక్కావాలి?

అయినా లోపల ఒక ముల్లు. అతని భార్యను అతనికి తిరిగి ఇచ్చింది తనే. ఇప్పుడు తన మాటేమిటి? ప్రేమగా వెళ్ళిన మనిషి దగ్గరే ఆగిపోతాడా? అడుగుదామంటే నిన్ననే ఒట్టు వేసింది, నోటి దురదతో.

గుమ్మం దాకా వచ్చారు. క్లేతో ముఖం తుడుచుకున్నాడు.

"వస్తాను, చోలెంగ్" అన్నాడు.

"మంచిది" అంది.

వీధిలోకి దిగి నడవడం మొదలుపెట్టాడు. సాయంత్రపు ఎండ నీటి గుంటల్లో మెరుస్తోంది, ఆ మెరుపుల మధ్య తేలిపోతున్నట్టు వెళ్తున్నాడు. చోలెంగ్ అలవాటుగా గుమ్మంలో నిలబడింది. వేరుశనగల బండి దగ్గరికి చేరాడు, ఆగాడు. ఆమె గుండె కూడా అక్కడే ఆగింది. అతని కుడి చెయ్యి కాస్త లేచి, గాల్లోనే తడబడి, కిందికి దిగిపోయింది. మెడ సగం తిరిగింది. తిరిగిన మెడ బిగుసుకుని, మళ్ళీ ముందుకు వెళ్ళిపోయింది. ఆ బిగింపులో దారి చూసుకోక బండికి గుద్దుకున్నాడు, వేరుశనగలు రోడ్డంతా చిందాయి, బండివాడు తిట్లు లంకించుకున్నాడు. క్లేతో వంగి గింజలు ఏరాడు, దణ్ణం పెట్టాడు, మలుపు తిరిగి వెళ్ళిపోయాడు. ఇంత జరిగినా ఒక్కసారి కూడా ఇటు చూడలేదు.

ఏ సినిమా చూడని మాంగ్ దెల్ఫిన్ పక్కనే నిలబడి సిగరెట్టు పారేశాడు. పాపం, మనసున్నవాడే.

"ఏంటమ్మా ఇది, రోజూ చెయ్యి ఊపేవాడు కదా! ఇవాళ కనీసం తిరిగైనా చూడలేదే!"

"చూడలేదు, మాంగ్ దెల్ఫిన్" అంది చోలెంగ్, కళ్ళనిండా నీళ్ళతో, ముఖమంతా నవ్వుతో. "ఒక్కసారి కూడా చూడలేదు."

బబెత్ దగ్గర టార్చి తీసుకుని లోపలికి వెళ్ళింది. తర్వాతి ఆటకు జనం వస్తున్నారు. ఆదివారానికి పాన్సిట్ వండమని అక్కకు చెప్పాలి.